కంచె మీది కాయలు

(మన సంఘం శ్రావణ మాస సమావేశంలో ఒక విశ్రాంత సర్వేయరు చేసిన ప్రసంగ పాఠం)



"హిమాలయాల్లో దొరికే బెర్రీ పండు, దాని ఉపయోగాలు" అన్న విషయం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. కారణం మీకందరికీ తెలిసిందే. గత నెల సమావేశం ముగిశాక మన గుమ్మం దగ్గర ఇద్దరు యువకులు కరపత్రాలు పంచారు. మంచుకొండల్లో దొరికే దివ్యఫలం రసం, మోకాళ్ళ నొప్పి మొదలు చక్కెర వ్యాధి దాకా అన్నిటికీ మందు అని అందులో అచ్చువేశారు. సీసా వెయ్యి రూపాయల పైమాటే. పెన్షను పడిన వారం కనుక మనలో చాలామంది కొన్నారు. ఒక మిత్రుడైతే ఆ రసం తాగుతూ చక్కెర మాత్రలు ఆపేశారు. ఆయన పేరు చెప్పను, ఇక్కడే కూర్చున్నారు. పది రోజుల తరువాత ఆయన్ను ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చింది. దేవుడి దయవల్ల ఇప్పుడు కులాసాగా ఉన్నారు.

నేను వైద్యుణ్ణి కాను. వృక్షశాస్త్రం చదివినవాణ్ణీ కాను. 1978లో సర్వే శాఖలో చేరి 2013లో విరమించేదాకా అరవై ఆరు అడుగుల గొలుసు పట్టించుకుని పొలం హద్దుల వెంబడి నడిచినవాణ్ణి. ఆ రోజుల్లో మెట్టలో హద్దు అంటే కంచె, కంచె అంటే ముళ్ళపొద. అందుచేత ముళ్ళపొదలు నాకు చిరపరిచితాలు. నా చొక్కాలను అడిగినా చెబుతాయి.

ముందు ఆ హిమాలయ పండు సంగతి చెబుతాను. దానికి అన్యాయం చేయకూడదు. కరపత్రం అబద్ధమాడిందని చెట్టును తిట్టడం ఎందుకు?

ఆ పొదను ఇంగ్లీషువారు సీ బక్‌థార్న్ అంటారు. లదాఖ్‌లో, లేహ్ చుట్టుపక్కల సింధు నది ఒడ్డునా, నుబ్రా లోయలోనూ అడవిగా పెరుగుతుంది. లేహ్ పట్టణం సముద్రమట్టానికి సుమారు మూడున్నర వేల మీటర్ల ఎత్తున ఉంది. వానలు దాదాపు లేని, చలికాలంలో అంతా గడ్డకట్టుకుపోయే చోటు. అక్కడ ఏపుగా బతికే పొదల్లో ఇదొకటి. ఒళ్ళంతా ముళ్ళు. శీతాకాలం ముందు నారింజ రంగు చిన్న చిన్న పళ్ళు కొమ్మలకు అంటుకుని గుత్తులుగా వస్తాయి. పుల్లన. సి విటమిను సమృద్ధి. వేళ్ళ బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవులు మన జనుము, పిల్లిపెసర మాదిరిగా గాలిలోని నత్రజనిని నేలకు అందిస్తాయి. అక్కడి జనం దాని ఎండుకొమ్మలను పొలం గోడల మీద పేర్చి మేకలు రాకుండా కంచె కడతారు. పొయ్యిలోకి కట్టెలు, పశువులకు ఆకు కూడా దాన్నుంచే. ఆమ్చీలు అని వారి సంప్రదాయ వైద్యులున్నారు. టిబెట్ వైద్యం చదువుకున్నవారు. వారు ఆ పండును దగ్గుకు, కఫానికి, అరుగుదలకు ఇచ్చే మందుల్లో కలుపుతారు. రక్షణ పరిశోధన సంస్థవారి లేహ్ ప్రయోగశాల ఆ పండ్ల రసం సీసాల్లో నిలవ ఉండే పద్ధతిని రూపొందించింది. ఇవన్నీ నిజాలే.

కాని చూడండి, లదాఖ్ మనిషి దాన్ని సీసా కొని తాగలేదు. ఆ చలిలో, పచ్చికూర దొరకని నెలల్లో, గుమ్మం ముందున్న పొద నుంచి కోసుకున్నాడు. మందుగా వాడితే ఆమ్చీ నాడి చూసి, ఇతర దినుసులతో కలిపి, ఫలానా మనిషికి ఫలానా రోజులు అని చెప్పి ఇచ్చాడు. చక్కెర మాత్రలు మానేయమని ఏ ఆమ్చీ చెప్పలేదు. పైగా ఆ పండుకు రక్తం గడ్డకట్టడాన్ని కొంత నెమ్మదింపజేసే గుణం ఉందంటారు. గుండె ఆపరేషన్లయి రక్తం పలుచబడే మాత్రలు వేసుకుంటున్నవారు మన సంఘంలోనూ ఉన్నారు. వారు డాక్టరుగారిని అడగకుండా ఇటువంటివి ముట్టుకోకూడదు. ఒక్క సి విటమిను కోసమే అయితే కార్తీకంలో మన ఉసిరికాయ ఎక్కడికి పోయింది?

ఇక మన కంచెలకు వస్తాను. నేను మాట్లాడాలనుకున్నది నిజానికి దీని గురించే.

మన ప్రాంతం రెండు నేలల కూడలి. తాడేపల్లిగూడెం దాటి నల్లజర్ల వైపు, ఏలూరు దాటి ద్వారకాతిరుమల, కామవరపుకోట, చింతలపూడి వైపు వెళితే ఎర్రనేల, గరపనేల. దక్షిణంగా దిగితే కాలువలు, వరిచేలు, నల్లమట్టి, ఆ తరువాత కొల్లేరు. మెట్టలో పొలం చుట్టూ ముళ్ళకంచె తప్పనిసరిగా ఉండేది. ఎందుకంటే పశువులు, మేకలు ఊరినిండా ఉండేవి. ఆ కంచెలో రాజు వాక్కాయ.

వాక్కాయ తెలియనివారు ఈ సభలో ఉండరు. అయినా మనవళ్ళకు చెప్పడానికి పనికొస్తుందని నాలుగు వివరాలు మనవి చేస్తాను. ఇది గన్నేరు, నందివర్ధనం కుటుంబానికి చెందింది. ఆకు తుంచితే పాలు కారేది అందుకే. ఆ పాల వల్లా, గట్టి ముళ్ళ వల్లా మేక కూడా దాని జోలికి పోదు. ముల్లు కొన్నిచోట్ల చివర రెండుగా చీలి ఉంటుంది. అది దిగితే సర్వేయరు చైనుమేనూ ఇద్దరూ ఆ పూట సెలవు పెట్టవలసిందే. పూలు తెల్లన, మల్లెల్లాగా కమ్మని వాసన. ఆషాఢం నుంచి భాద్రపదం దాకా కాయలు. లేతగా ఉన్నప్పుడు ఆకుపచ్చ, ఆ పైన పాలలో కుంకుమ కలిపినట్టు గులాబి, పండితే నేరేడు నలుపు. నీరు పెట్టనక్కరలేదు, ఎరువు అక్కరలేదు. ఒక్క నీరు నిలవడం మాత్రం దానికి పడదు.

సంస్కృతంలో దీన్ని కరమర్దం అంటారు. సుశ్రుతంలో కంటక పంచమూలం అని ఒక వర్గం ఉంది. అంటే ఐదు ముళ్ళచెట్ల వేళ్ళు. అందులో మొదటి పేరు మన వాక్కాయదే. తరువాత పల్లేరు, ములుగోరింట, పిల్లిపీచర. ఐదోది గృధ్రనఖి, గద్దగోరు వంటి ముల్లున్నదని అర్థం. అది ఏ చెట్టు అన్న విషయంలో పండితులు నేటికీ తగవులాడుకుంటున్నారు. పచ్చికాయ పిత్తం చేస్తుందనీ, పండు దాహం తీరుస్తుందనీ ఆయుర్వేదం చెబుతుంది. మన పెద్దవాళ్ళు కూడా పచ్చివి ఊరికే తిననిచ్చేవారు కాదు, ఉప్పు వేసో, పప్పులో ఉడికించో పెట్టేవారు.

వంటింటి విషయంలో నాకన్నా ఇక్కడున్న అమ్మలకే బాగా తెలుసు. కాయను రెండుగా కోసి గింజ తీసి, ఉప్పునీళ్ళలో కాసేపు వేస్తే జిగురు పోతుంది. తరువాత కందిపప్పు, పచ్చిమిర్చితో వాక్కాయపప్పు. కొబ్బరి కలిపి పచ్చడి. శ్రావణ శుక్రవారం నాడు పులిహోర. పాత చింతపండు నల్లబడి, కొత్తది ఇంకా రాని నెలల్లోనే వాక్కాయ వస్తుంది. ఆ మధ్యకాలంలో మెట్ట ఊళ్ళలో పులుపు ఖర్చు లేకుండా గడిచిపోయేది. ఏలూరు మార్కెట్టుకు చింతలపూడి వైపు ఆడవాళ్ళు గంపలతో వాక్కాయలు తెచ్చి, అమ్మిన డబ్బుతో ఎండుచేపలు కొనుక్కుని సాయంత్రం బస్సుకు పోయేవారు. ఇటు కొల్లేటి లంకలవారు ఆ వాక్కాయలు పట్టుకెళ్ళి రొయ్యల్లో వేసుకునేవారు. శాకాహారులు మన్నించాలి, ఆ కూర రుచి నేను లంకల్లో క్యాంపు చేసినప్పుడు చూశాను. దాన్ని గురించి ఇంతకంటే చెబితే మా ఇంట్లో భోజనం దొరకదు.

ఇంకొక సంగతి. బజారులో కేకు మీద, బన్ను మీద, కిళ్ళీలో ఎర్రగా మెరిసే 'చెర్రీ' ఉంటుంది కదా. మన మనవళ్ళు ముందు దాన్నే ఏరుకు తింటారు. చాలామట్టుకు అది చెర్రీ కాదు, వాక్కాయే. గింజ తీసి, చక్కెర పాకంలో ఊరేసి, ఎర్రరంగు పట్టిస్తారు. చెర్రీ పెరగడానికి చలిదేశం కావాలి. మన వాక్కాయ పరాయిపేరు పెట్టుకుని మన ఇంటికే వచ్చి పదింతల ధర వసూలు చేసుకుంటోంది.

వాక్కాయకు అడవిలో ఒక చెల్లెలుంది, కలివి. జంగారెడ్డిగూడెం దాటాక చిట్టడవుల్లో, గుట్టల మీద కనిపిస్తుంది. కాయ చిన్నది, పండితే నల్లగా తియ్యగా ఉంటుంది. కడప జిల్లాలో ఈ కలివి పొదల మాటున తిరిగే ఒక పక్షిని కలివికోడి అన్నారు. అది అంతరించిపోయిందని లోకమంతా అనుకుంటే, 1986లో మళ్ళీ కనిపించింది. పేపర్లలో పడింది, మీకు గుర్తుండే ఉంటుంది. పొద పేరు మీద పక్షి పేరు నిలవడం, ఆ పేరు పట్టుకుని శాస్త్రజ్ఞులు ఊరివాళ్ళను అడిగి వెతకడం నాకు ముచ్చటగా తోస్తుంది.

ఇక బలుసు. 'బతికుంటే బలుసాకు తినవచ్చు' అని మనమందరం అంటాం. ట్రాన్స్‌ఫరు ఆర్డరు వచ్చినప్పుడల్లా మా ఆఫీసులో ఎవరో ఒకరు అనేవారు. అంటున్నవారిలో ఆ పొదను గుర్తుపట్టేవారు ఎందరో నాకు అనుమానమే. పుట్టల మీద, కంచెల్లో పెరుగుతుంది. ముళ్ళు జంటగా ఎదురెదురుగా ఉంటాయి, ఆకులు ఆ ముళ్ళ కింద కుచ్చుగా వస్తాయి. పండు పసుపుపచ్చన, తియ్యన, లోపల రెండు గింజలు. మనం పొద్దున్నే తాగే కాఫీ చెట్టుకు ఇది దాయాది, ఇద్దరిదీ ఒకే కుటుంబం. భీమవరం పక్కన బలుసుమూడి ఉంది. ఆ పేరులోని బలుసు ఈ పొదేనని నా నమ్మకం.

బలుసాకు బీదవాడి కూర. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యేదాకా ఈ గోదావరి సీమ కూడా కరువు సీమే. 1832-33లో, నందన నామ సంవత్సరంలో, గుంటూరు వైపు నుంచి మన దాకా వచ్చిన కరువును ముసలివాళ్ళు తరతరాలుగా చెప్పుకున్నారు. పొలం ఎండినా కంచె ఎండలేదు. ఆ ఆకు దంచుకుని, ఉడికించుకుని కొన్ని ప్రాణాలు నిలిచి ఉంటాయి. సామెత ఊరికే పుట్టదు. ఇదే ఆకు తద్దినంనాటి వంటలో పెసరపప్పుతో కలిసి విస్తట్లోకి వస్తుంది. క్యాబేజీకి, బంగాళాదుంపకు లేని గౌరవం ఈ ముళ్ళపొదకు ఎందుకిచ్చారు? అవి నిన్నగాక మొన్న వచ్చినవి కనుక అని శాస్త్రులుగారు చెబుతారు. నాకు ఇంకొకటి కూడా తోస్తుంది, ఇది నా ఊహ మాత్రమే. ఆ పెద్దలను ఒకనాడు బతికించిన ఆకు కనుక వారికి పెడుతున్నామేమో. ఇప్పుడు ఏలూరులో తద్దినం వస్తే బలుసాకు కోసం స్కూటరేసుకుని పది మైళ్ళు తిరగాలి. మొన్న మా తమ్ముడుగారు దొరక్క గోంగూరతో కానిచ్చారు.

కొల్లేరు విషయం కూడా ఒక్క మాట. అక్కడ వాక్కాయ కోసం వెతికి లాభం లేదు. లంకల్లో దడి అంటే తాటాకు, కంప, కిక్కిసగడ్డి. కాలువ గట్ల మీద పురుగుడు పొదలుండేవి. దాన్నే కొందరు పులిచేరు అంటారు. తడిని ఓర్చుకుంటుంది, నల్లటి చిన్న పళ్ళు కాస్తుంది, పిట్టలు వాటి కోసం మూగుతాయి. చేపల చెరువులు వచ్చాక గట్టు మీద పొద ఉండనివ్వడం మానేశారు. పొద ఉంటే కొంగ వాలుతుందని, పాము చేరుతుందని భయం. 1999లో కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించి అయిదో కాంటూరు దాకా హద్దు చూపారు. 2002లో రామ్‌సార్ జాబితాలో చేరింది. 2006లో చెరువుల గట్లు కొట్టించారు. పక్షుల కోసం ఇంత జరిగింది కాని, గట్టు మీద పిట్టకు పండు పెట్టే పొదను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ఏ హద్దు స్కెచ్చిలోనూ దానికి గుర్తు లేదు. చెట్టుకు, బావికి, గుడికి గుర్తులున్నాయి. పొదకు లేదు.

మెట్టలో కంచె ఎలా పోయిందో నేను కళ్ళారా చూశాను. బోర్లు పడ్డాయి. పామాయిల్ తోటలు వచ్చాయి. మన పక్కనే పెదవేగిలో దానికోసం 1995లో జాతీయ పరిశోధన కేంద్రమే పెట్టారు. రైతుకు ఆదాయం వచ్చింది, దాన్ని నేను తప్పు పట్టను. ట్రాక్టరు తిరగడానికి కంచె అడ్డమైంది, రాతిస్తంభాలు పాతి ముళ్ళతీగ లాగారు. పొద పట్టే ఆరడుగుల మేర కూడా కలిసొచ్చింది. అసలు కారణం మాత్రం పశువులు తగ్గిపోవడమే. దూరివచ్చే ఆవు లేనప్పుడు ఆపే కంచెకు పనేముంది? 1980 ప్రాంతంలో ఒక హద్దు కొలవడానికి పొదలు నరికించుకుంటూ పోతే రెండు రోజులు పట్టేది. నేను విరమించే నాటికి అదే పని పూటలో అయిపోయేది. 2020 చివరలో మొదలైన రీసర్వేలో డ్రోన్లు పైనుంచి ఫొటోలు తీశాయి. మా వారసులకు ముల్లు గుచ్చుకోదు. వారికి వాక్కాయ కూడా తెలియదు.

వాక్కాయ చక్కెర వ్యాధి తగ్గిస్తుందని నేను చెప్పబోవడం లేదు. రేపు ఎవరైనా వాక్కాయ రసం సీసాలో పోసి 'కోస్తా దివ్యఫలం' అని అమ్మితే అది కూడా కొనకండి. ఊరగాయ పెట్టుకుంటే ఉప్పు ఎక్కువ, బి.పి. ఉన్నవారు మెతుక్కు తగిలీ తగలనట్టు వేసుకోవాలి. మూత్రపిండాల జబ్బున్నవారు డాక్టరుగారిని అడిగి తినాలి. వాక్కాయ కంచె కాస్తుంది, పప్పులో పులుపవుతుంది, పిట్టకు గూడవుతుంది. మన అమ్మమ్మలకు ఆ పొద మొత్తం తెలుసు, ఏ నెలలో ఏ కాయ, ఎవరికి పడుతుంది, ఎవరికి పడదు అన్నదంతా తెలుసు. హిమాలయంలో ఆ ముసలమ్మలకు వారి పొద అలాగే తెలుసు. కరపత్రం రాసినవాడికి మాత్రం ఏదీ తెలియదు.

ఇప్పుడు అసలు మనవి. ఈనాటి అజెండాలో నాలుగో అంశం మన సంఘ భవనానికి ప్రహరీగోడ. వెనక ఉత్తరపు హద్దులో తొమ్మిది వాక్కాయ పొదలున్నాయి. మన భవనం కట్టకముందు అక్కడ మామిడితోట ఉండేది, దాని కంచెలో మిగిలినవి అవి. గోడ పునాది కోసం వాటిని తీయించాలని కాంట్రాక్టరు అంచనాలో రాశాడు. గత వారం నేను టేపు పెట్టి కొలిచాను. పొదల మొదళ్ళు మన హద్దుకు లోపల రెండున్నర అడుగుల దూరంలో ఉన్నాయి. పునాదికి అడుగున్నర చాలు. మిగిలిన అడుగులో కొమ్మలు కత్తిరించుకుంటే పొదలు బతుకుతాయి. ఆ వైపు గోడ కాస్త జాగ్రత్తగా తవ్వించవలసి వస్తుంది, కూలి రెండు రోజులు ఎక్కువవుతుంది. ఆ రెండు రోజుల కూలి నా పెన్షనులోంచి ఇచ్చుకుంటానని ఈ సభాముఖంగా తెలియజేస్తున్నాను. స్కెచ్చి వేసి తెచ్చాను, కోశాధికారిగారి దగ్గర ఉంది. ఓటుకు పెట్టే ముందు దయచేసి ఒకసారి వెనక్కి వెళ్ళి ఆ పొదలను చూడండి. ఇప్పుడు నిండా కాయలున్నాయి.

పండిన కాయలు ఒక సంచీడు కోసి తెచ్చి ఆ బల్ల మీద పెట్టాను. తిని గింజలు పారేయకండి. వాక్కాయ గింజ ఎండితే మొలకెత్తే శక్తి త్వరగా పోతుంది. కనుక కడిగి, నీడన ఆరబెట్టి, వారంలోపు నాటాలి. ఎర్రమట్టి, ఇసుక, కాస్త పెంట కలిపిన సంచిలో అరంగుళం లోతున వేస్తే చాలు. వచ్చే వానాకాలానికి నేలలో పెట్టుకోవచ్చు, మూడో ఏట కాపుకొస్తుంది. కంచెగా కావాలంటే మూడడుగులకు ఒక మొక్క. స్థలం లేనివారు పెద్ద కుండీలో ఒక్కటి పెట్టుకోవచ్చు. ముళ్ళుంటాయి కనుక మనవళ్ళు ఆడుకునే చోట వద్దు. గింజలు మొలవకపోతే తాడేపల్లిగూడెం దగ్గర వెంకట్రామన్నగూడెంలో 2007లో పెట్టిన ఉద్యానవన విశ్వవిద్యాలయం ఉంది, అటు వెళ్ళినప్పుడు మొక్కల సంగతి అడగవచ్చు. బలుసు కొమ్మ ఒకటి కూడా తెచ్చాను, ముళ్ళు చూసి పట్టుకోండి. తద్దినాలకు ఆకు కావలసినవారు పేరు, తిథి నాకు రాసివ్వండి. కామవరపుకోట దారిలో ఒక పుట్ట మీద మంచి పొద ఉంది, ఆ రైతు నాకు తెలుసు.

 అధ్యక్షులవారు అనుమతిస్తే ఇక నాలుగో అంశం తీసుకోవచ్చు. సెలవు.